బటన్ నొక్కినా బోర్డు పలకకపోతే: తప్పు ఎక్కడుందో వరసగా పట్టుకోవడం ఎలా

పోయిన డిసెంబరులో ఒక రాత్రి పదకొండు దాటాక మా మేనల్లుడు ఫోన్ చేశాడు. ఇంజినీరింగ్ మూడో ఏడాది, మర్నాడు పొద్దున్నే ప్రాజెక్ట్ రివ్యూ. "మామయ్యా, బటన్ పనిచేయట్లేదు. కోడ్ మూడు సార్లు తిరగరాశాను, బటన్ మార్చాను, ఫ్రెండ్ దగ్గర బోర్డు తెచ్చి అదీ పెట్టి చూశాను, అయినా అంతే" అన్నాడు ఒక్క గుక్కలో. మీటర్ పెట్టి చూశావురా అంటే అటు నుంచి మాట లేదు. పక్క గదిలో ఎవరినో అడిగి మీటర్ తెచ్చుకుని, పిన్ మీద పెట్టి, అది చూపించిన అంకె చదివాడు. ఆ అంకె వినగానే నాకు విషయం అర్థమైంది, ఇంకో పది నిమిషాల్లో బటన్ పలికింది. ఆ అంకె సంగతి కింద వస్తుంది. వాడు నాలుగు గంటలు కోడ్‌లో వెతికాడు, ఒక్క నిమిషం పిన్ దగ్గర వెతకలేదు. ఈ పని చేసేవాళ్లలో ఎక్కువ మంది చేసేది ఇదే, ఎందుకంటే కోడ్ కళ్ల ముందు కనిపిస్తుంది, కరెంటు కనిపించదు.

బటన్ నొక్కడం మనకు ఒక్క క్షణం పని. లోపల మాత్రం అది చాలా చేతులు మారుతుంది. వేలు బటన్ లోపలి రేకును వంచాలి, రేకు రెండు కాళ్లను కలపాలి, ఆ కాళ్ల నుంచి వైరు, వైరు నుంచి పిన్ (చిప్‌కు బయటి వైర్లు కలిసే చోటు), పిన్ మీద వోల్టేజీ మారాలి, చిప్ లోపల ఆ పిన్ ఇన్‌పుట్‌గా సెట్ అయి ఉండాలి, మీ ప్రోగ్రామ్ ఆ క్షణంలోనే దాన్ని చదవాలి, చదివినదాన్ని సరిగ్గా అర్థం చేసుకోవాలి, ఆ తర్వాతే ఎల్ఈడీ వెలుగుతుంది. ఈ దారికి సరిగ్గా మధ్యలో ఉన్నది పిన్. అక్కడ వోల్టేజీ మారుతోందా లేదా అన్న ఒక్క ప్రశ్నకు జవాబు దొరికితే సగం అనుమానాలు ఒకేసారి తీరిపోతాయి. ఈ మార్గదర్శి అంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. ఎక్కువగా ఆర్డువినో యూనో, నానో, ఈఎస్‌పీ32 అనే, ప్రోగ్రామ్ ఎక్కించి నడిపే చిన్న బోర్డుల మీద చెబుతాను, మన కాలేజీల్లో, ఇళ్లలో ఎక్కువగా కనిపించేవి అవే కాబట్టి.

దగ్గర ఉంచుకోవాల్సినవి: బీప్ మోడ్ ఉన్న మామూలు మల్టీమీటర్, రెండు మూడు కొత్త బటన్లు, 10 కిలో ఓమ్స్ రెసిస్టర్లు నాలుగు, 1 కిలో ఓమ్ ఒకటి, కొన్ని మంచి జంపర్ వైర్లు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు కోఠి గుజరాతీ గల్లీలో ఇవన్నీ ఒకే చోట దొరుకుతాయి. మీటర్ కొనేటప్పుడు మాత్రం షాపులోనే రెండు వైర్ల మొనలు ఒకదానికొకటి తాకించి బీప్ వస్తుందో లేదో వినండి, కొన్ని చవక మీటర్లలో ఆ సౌకర్యం ఉండదు.

మొదట: మీరు నొక్కుతున్నది ఏ బటన్?

బోర్డు మీదే ఉన్న బటన్ అయితే ఇది చూసుకోకుండా ముందుకు వెళ్లకండి. యూనో మీద ఉన్నది ఒక్కటే బటన్, అది రీసెట్. దాన్ని ప్రోగ్రామ్‌లో చదవడం కుదరదు. రాస్ప్‌బెర్రీ పై పికో మీద ఉన్న బూట్‌సెల్ బటన్ మామూలు పిన్‌కు కాదు, ఫ్లాష్ చిప్ (ప్రోగ్రామ్ దాచుకునే చిప్) లైన్‌కు కలిపి ఉంటుంది, కాబట్టి మామూలు పిన్ చదివినట్టు చదివితే ఏమీ రాదు. ఈఎస్‌పీ32 బోర్డుల మీద రెండు ఉంటాయి. ఈఎన్ అని రాసి ఉన్నది రీసెట్, బూట్ అని ఉన్నది జీపీఐఓ 0, అంటే చిప్ మామూలు పిన్‌లలో 0 నంబరుది. ఈ బూట్ బటన్‌ను ప్రోగ్రామ్ మొదలయ్యాక హాయిగా వాడుకోవచ్చు, పరీక్షలకు ఇది చాలా అక్కరకొస్తుంది. ఎస్‌టీఎం32 నూక్లియో-64 బోర్డుల్లో నీలం రంగు బటన్ సాధారణంగా పీసీ13 పిన్ మీద ఉంటుంది. పాత వాటిలో నొక్కితే సున్నా వస్తుంది, కొత్తవాటిలో కొన్నిటికి నొక్కితే ఒకటి వస్తుంది. ఒక బోర్డులో పనిచేసిన కోడ్ ఇంకోదాంట్లో తలకిందులుగా నడిస్తే కారణం ఇదే కావచ్చు, బోర్డు మాన్యువల్‌లో ఆ ఒక్క పేజీ చూస్తే చాలు.

తర్వాత: బోర్డులో నడుస్తున్నది మీ కొత్త కోడేనా?

చిన్న విషయంలా ఉంటుంది గానీ ఎంతో మందిని గంటల కొద్దీ తిప్పింది. చార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే యూఎస్‌బీ కేబుల్ పెడితే బోర్డుకు పవర్ వస్తుంది, లైటు వెలుగుతుంది, పాత ప్రోగ్రామ్ నడుస్తుంది, కొత్తది మాత్రం ఎక్కదు. కింద ఎర్ర అక్షరాల్లో ఎర్రర్ వచ్చినా హడావుడిలో చూడరు. అందుకే ప్రోగ్రామ్ మొదట్లోనే సీరియల్ మానిటర్‌కు (బోర్డు పంపే మాటలు కంప్యూటర్ మీద కనిపించే కిటికీ) ఒక నంబర్ ప్రింట్ చేయించండి, మార్చిన ప్రతిసారీ ఆ నంబర్ ఒకటి పెంచండి. కొత్త నంబర్ కనిపించిందంటే కొత్త కోడ్ ఎక్కినట్టే. పిచ్చి గుర్తులు కనిపిస్తే స్పీడ్ తేడా ఉన్నట్టు, కోడ్‌లో 9600 రాసి మానిటర్‌లో 115200 పెట్టారేమో చూడండి.

ఇదే చోట ఇంకో పని. మీ పెద్ద ప్రోగ్రామ్‌ను పక్కన పెట్టి, అయిదారు లైన్ల చిన్న ప్రోగ్రామ్ రాయండి: పిన్‌ను పుల్‌అప్ (నొక్కనప్పుడు పిన్‌ను పై వోల్టేజీకి లాగి ఉంచే రెసిస్టర్) ఇన్‌పుట్‌గా పెట్టడం, లూప్‌లో దాన్ని చదివి ఆ విలువ ప్రింట్ చేయడం, అంతే. రిలే వద్దు, డిస్‌ప్లే వద్దు, ఎల్ఈడీ కూడా వద్దు. ఎందుకంటే బటన్ బాగానే ఉండి ఎల్ఈడీ కాళ్లు తిరగేసి పెట్టిన సందర్భాలు నేను ఎన్నో చూశాను. వెలగకపోయేసరికి పాపం బటన్‌ను తిడతారు. సీరియల్ మానిటర్‌లో 1లు వరసగా పడుతూ, నొక్కగానే 0లుగా మారితే మీ బటన్, వైరు, పిన్ అన్నీ బాగున్నట్టు. కింద కోడ్ గురించి రాసిన భాగానికి నేరుగా వెళ్లిపోండి.

అసలు కొలత

ఇక్కడ తొందర వద్దు. మీటర్‌ను డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టండి. నల్ల వైరు బోర్డు మీది గ్రౌండ్ పిన్‌కు. ఎర్ర వైరు బటన్ వెళ్లే పిన్‌కు, అది కూడా బ్రెడ్‌బోర్డ్ (వైర్లు గుచ్చే రంధ్రాల పలక) మీద కాదు, మైక్రోకంట్రోలర్ బోర్డు మీద ఉన్న పిన్ దగ్గరే. హెడర్ రంధ్రంలో జంపర్ వైరు దూరి ఉంటే దాని పక్కన సన్నని సందులో మీటర్ మొన లోహానికి తగిలేలా పెట్టాలి. పక్క పిన్‌కు జారకుండా మణికట్టును బల్ల మీద ఆనించుకోండి. ఇప్పుడు నొక్కకుండా ఒకసారి, నొక్కి పట్టుకుని ఒకసారి చదవండి. రెండు అంకెలూ కాగితం మీద రాసుకోండి.

బటన్‌ను పిన్‌కూ గ్రౌండ్‌కూ మధ్య పెట్టి పుల్‌అప్ వాడుతున్నారనుకుందాం. యూనోలో నొక్కనప్పుడు 5 వోల్టుల దగ్గర, ఈఎస్‌పీ32లో 3.3 దగ్గర ఉండాలి. నొక్కితే రెండింట్లోనూ సున్నాకు పడిపోవాలి. అలా పడిపోతుంటే వైరింగ్ వైపు ఇక తల తిప్పకండి, తప్పు కోడ్‌లో ఉంది లేదా కోడ్ వేరే పిన్ చదువుతోంది.

నొక్కినా పైనే ఉండిపోతే నొక్కు పిన్ దాకా రావడం లేదు: బటన్ గానీ వైరు గానీ గ్రౌండ్ గానీ తెగి ఉంది. ఎప్పుడూ సున్నాలోనే ఉంటే బటన్ అడ్డంగా తిరిగి ఉంది, లేదా ఎక్కడో షార్ట్ ఉంది, లేదా పుల్‌అప్ అసలు లేదు. అంకె నిలకడ లేకుండా ఊగుతుంటే పిన్ గాలిలో వేలాడుతోంది. నొక్కినప్పుడు సున్నాకు రాకుండా ఒకటిన్నర, రెండు అలా మధ్యలో ఆగిపోతే బటన్ లోపల తుప్పో మురికో ఉంది. ఈ నాలుగింటికీ కింద విడివిడిగా మందు ఉంది.

మీటర్ లేకపోతే ఏం చేయాలి? బటన్‌ను పూర్తిగా తీసేసి, గ్రౌండ్ నుంచి ఒక వైరుకు 1 కిలో ఓమ్ రెసిస్టర్ తగిలించి, దాని రెండో కొసను పిన్‌కు తాకించండి. సీరియల్ మానిటర్‌లో 0 వస్తే పిన్, కోడ్ బాగున్నాయి, తప్పు బటన్ వైపు ఉంది. ఉత్త వైరుతో తాకించవచ్చు కదా అంటారు చాలామంది. కోడ్‌లో పొరపాటున ఆ పిన్ అవుట్‌పుట్‌గా ఉండి, పైగా హై (పూర్తి వోల్టేజీ) ఇస్తుంటే, నేరుగా గ్రౌండ్‌కు తాకిస్తే ఆ పిన్ కాలిపోవచ్చు. రెసిస్టర్ ఉంటే ఆ భయం లేదు.

నాలుగు కాళ్ల బటన్‌తో వచ్చే తిప్పలు

ఆరు మిల్లీమీటర్ల చదరంలో ఉండే ఆ చిన్న బటన్‌కు నాలుగు కాళ్లు ఉంటాయి గానీ పనిచేసే కొసలు రెండే. నాలుగింటిలో రెండేసి కాళ్లు లోపలే ఎప్పుడూ కలిసి ఉంటాయి. బటన్‌ను తిప్పి అడుగు భాగం చూడండి: రెండు కాళ్లు ఒక పక్క నుంచి, రెండు దాని ఎదురు పక్క నుంచి బయటికి వస్తాయి. ఎదురెదురుగా ఉన్న కాళ్లు లోపల కలిసి ఉంటాయి. ఒకే పక్కన ఉన్న రెండు కాళ్లు విడివిడిగా ఉండి, నొక్కితేనే కలుస్తాయి. బ్రెడ్‌బోర్డ్ మధ్య కాలువకు అటూ ఇటూ కాళ్లు వచ్చేలా సరిగ్గా గుచ్చితే, కాలువ దాటి ఎదురెదురుగా ఉన్నవి ఎప్పుడూ ఒకటే, కాలువకు ఒకే వైపున ఉన్న రెండు కాళ్ల మధ్యనే స్విచ్ ఉంటుంది.

ఇప్పుడు తప్పు ఎలా జరుగుతుందో చూడండి. పిన్ వైరును ఒక కాలికి, గ్రౌండ్ వైరును దాని ఎదుటి కాలికి పెట్టారంటే నొక్కినా నొక్కకపోయినా రెండూ కలిసే ఉంటాయి, మీటర్ ఎప్పుడూ సున్నా చూపిస్తుంది. బటన్ తొంభై డిగ్రీలు తిరిగిపోయి ఉంటే, సరైన చోట పెట్టిన వైర్లకు కూడా అదే గతి. కాళ్లను కాస్త వంచి బలవంతంగా గుచ్చితే అలా తిరిగిన బటన్ కూడా దూరిపోతుంది, పైనుంచి చూస్తే తేడా తెలియదు.

దీనికి నేను ఎప్పుడూ చెప్పే మాట ఒక్కటే: వైర్లను మూల నుంచి మూలకు, ఐమూలగా ఉన్న రెండు కాళ్లకు పెట్టండి. ఐమూల కాళ్లు ఎటు తిప్పినా స్విచ్‌కు రెండు వైపులే అవుతాయి, కాబట్టి బటన్ ఎలా తిరిగి ఉన్నా పనిచేస్తుంది. నమ్మకం కుదరకపోతే పవర్ తీసేసి, మీటర్‌ను బీప్ మోడ్‌లో పెట్టి ఆ రెండు కాళ్లకు ఆనించండి. నొక్కితే బీప్, వదిలితే నిశ్శబ్దం. బీప్ తెగి తెగి వస్తుంటే ఆ బటన్‌ను పక్కన పడేయండి, అయిదు రూపాయల బటన్ కోసం సాయంత్రం పాడుచేసుకోవద్దు.

బ్రెడ్‌బోర్డ్, వైర్లు

పొడవాటి 830 రంధ్రాల బ్రెడ్‌బోర్డుల్లో కొన్నిటికి పై అంచున, కింది అంచున ఉన్న పవర్ లైన్లు మధ్యలో తెగి ఉంటాయి. ఎర్ర గీత, నీలం గీత మధ్యలో చిన్న ఖాళీ కనిపిస్తే అక్కడ లోపలి రేకు కూడా తెగి ఉన్నట్టే. ఎడమ సగంలో గ్రౌండ్ ఇచ్చి, కుడి సగం నుంచి బటన్‌కు గ్రౌండ్ తీసుకుంటే అక్కడ గ్రౌండే లేదు. నొక్కినా పిన్ పైనే ఉండిపోతోంది అన్నవాళ్లు ముందు చూడాల్సింది ఇదే. ఒక చిన్న జంపర్‌తో రెండు సగాలూ కలపండి.

జంపర్ వైర్లు పైకి బాగానే కనిపించి, ప్లాస్టిక్ తొడుగు లోపల మొన దగ్గర తెగి ఉంటాయి. రెండు కొసలకూ మీటర్ పెట్టి, వైరును వేళ్లతో అటూ ఇటూ వంచుతూ బీప్ వినండి. వంచినప్పుడు ఆగిపోయిన వైరును వెంటనే కత్తిరించి పారేయండి. డబ్బాలో మళ్లీ వేశారంటే వచ్చే నెలలో అదే వైరు మళ్లీ చేతికి వస్తుంది.

బటన్ ఒక పవర్ సప్లై మీద, బోర్డు ఇంకోదాని మీద ఉంటే రెండింటి గ్రౌండ్‌లూ కలిపి ఉండాలి. కలపకపోతే ఎంత నొక్కినా పిన్‌కు అది నొక్కులా కనిపించదు.

గాలిలో వేలాడే పిన్

పుల్‌అప్ గానీ పుల్‌డౌన్ (పిన్‌ను గ్రౌండ్ వైపుకు లాగే రెసిస్టర్) గానీ లేని ఇన్‌పుట్ పిన్ ఏ వోల్టేజీకీ కట్టుబడి ఉండదు. చేయి దగ్గరికి తెస్తే మారుతుంది, గోడల్లో ఉన్న 50 హెర్ట్జ్ కరెంటు ప్రభావం కూడా దాని మీద పడుతుంది. "ల్యాప్‌టాప్ చార్జర్ తీస్తే పనిచేస్తోంది, పెడితే చేయట్లేదు" అని ఎవరైనా అంటే నేను ముందు అడిగేది పుల్‌అప్ పెట్టారా అనే.

యూనోలో ఉన్న ఏటీమెగా328పీ చిప్ లోపలే ప్రతి డిజిటల్ పిన్‌కూ 20 నుంచి 50 కిలో ఓమ్స్ మధ్య పుల్‌అప్ ఉంటుంది. పిన్‌మోడ్ దగ్గర ఉత్త ఇన్‌పుట్ అని కాకుండా ఇన్‌పుట్ పుల్‌అప్ అని రాస్తే అది ఆన్ అవుతుంది. బయట రెసిస్టర్ అక్కర్లేదు, బటన్ పిన్‌కూ గ్రౌండ్‌కూ మధ్య ఉంటే చాలు.

ఇప్పుడు మా మేనల్లుడి సంగతికి వద్దాం. వాడు చదివిన అంకె 0.1, అది కూడా నిలకడ లేకుండా ఊగుతూ, బటన్ నొక్కనప్పుడు. ఉండాల్సింది 3.3. బోర్డు ఈఎస్‌పీ32, పిన్ 34. అంతకుముందు యూనో మీద ఇన్‌పుట్ పుల్‌అప్‌తో చక్కగా నడిచిన కోడ్‌నే తెచ్చి, పిన్ నంబర్ మార్చి ఎక్కించాడు. ఈఎస్‌పీ32లో జీపీఐఓ 34 నుంచి 39 వరకు ఉన్న పిన్‌లు కేవలం ఇన్‌పుట్‌కే పనికొస్తాయి, వాటి లోపల పుల్‌అప్, పుల్‌డౌన్ రెండూ ఉండవు. కోడ్‌లో ఎంత గట్టిగా అడిగినా లేనిది రాదు. కోడ్ మూడు సార్లు కాదు ముప్పై సార్లు మార్చినా ఫలితం ఉండేది కాదు, బోర్డు మార్చినా అదే రకం బోర్డు కాబట్టి లాభం లేదు. పిన్ 34 నుంచి 3.3 వోల్టులకు ఒక 10 కిలో ఓమ్స్ రెసిస్టర్ పెట్టించాను. మీటర్ 3.3 చూపించింది, నొక్కితే సున్నా. రెసిస్టర్ దొరకకపోతే పిన్‌ను 27కో 33కో మార్చినా సరిపోయేది.

రెసిస్టర్ పెట్టేటప్పుడు రంగులు సరిగ్గా చూడండి. నాలుగు గీతలున్న 10 కిలో ఓమ్స్‌కు గోధుమ, నలుపు, నారింజ, తర్వాత బంగారు రంగు. నీలం ఒంటితో అయిదు గీతలుండేవాటికి గోధుమ, నలుపు, నలుపు, ఎరుపు. గోధుమ, నలుపు, నలుపు, బంగారు ఉన్నది 10 ఓమ్స్ మాత్రమే. అది పెట్టి బటన్ నొక్కితే 5 వోల్టుల నుంచి అర ఆంపియర్ దాకా గ్రౌండ్‌కు పారుతుంది. నొక్కగానే బోర్డు ఆగిపోవడం, రీసెట్ కావడం జరుగుతుంటే ముందు ఆ రెసిస్టర్‌నే అనుమానించండి. సందేహం వస్తే విడిగా తీసి మీటర్‌తో కొలవడం ఉత్తమం, రంగులు రాత్రి లైటులో మోసం చేస్తాయి.

ఆ పిన్ అసలు బటన్‌కు పనికొస్తుందా?

పై సంగతి లాంటివే ఇంకా ఉన్నాయి. నానో మీద ఏ6, ఏ7 పిన్‌లు అనలాగ్ ఇన్‌పుట్‌కే, డిజిటల్‌రీడ్ వాటి మీద పనిచేయదు, పుల్‌అప్ కూడా ఉండదు. ఏ0 నుంచి ఏ5 వరకు మాత్రం మామూలు డిజిటల్ పిన్‌లలాగే వాడుకోవచ్చు. యూనోలో 0, 1 పిన్‌లు సీరియల్‌కు వెళ్తాయి, అక్కడ బటన్ పెడితే అప్‌లోడ్ కూడా చెడుతుంది.

నోడ్‌ఎంసీయూ (ఈఎస్‌పీ8266 చిప్ ఉన్న వైఫై బోర్డు)లో బోర్డు మీద రాసిన అంకె వేరు, చిప్ అంకె వేరు. డీ5 అని రాసి ఉన్న చోట బటన్ పెట్టి కోడ్‌లో ఉత్త 5 రాస్తే అది జీపీఐఓ 5ను, అంటే బోర్డు మీది డీ1ను చదువుతుంది. డీ5 అసలు నంబర్ 14. కోడ్‌లో కూడా డీ5 అనే రాయడం మేలు. డీ0కు లోపల పుల్‌అప్ లేదు. డీ3 నొక్కి ఉండగా పవర్ ఇస్తే బోర్డు ప్రోగ్రామ్ ఎక్కించుకునే స్థితిలోకి వెళ్లి కూర్చుంటుంది. డీ8 మీద పుల్‌అప్ పెడితే బోర్డు లేవదు.

ఈఎస్‌పీ32లో 6 నుంచి 11 వరకు పిన్‌లు ఫ్లాష్ చిప్‌వి, వాటి జోలికి పోవద్దు. పిన్ 12కు బయట పుల్‌అప్ పెడితే, పవర్ ఇచ్చిన క్షణంలో చిప్ ఆ హైని చూసి ఫ్లాష్‌కు 1.8 వోల్టులు ఇవ్వాలనుకుంటుంది, బోర్డు లేవకుండా మళ్లీ మళ్లీ రీసెట్ అవుతుంటుంది. ఇంకో సంగతి, ఈఎస్‌పీ32 పిన్‌లకు 5 వోల్టులు ఎట్టి పరిస్థితుల్లోనూ ఇవ్వకూడదు.

2024లో వచ్చిన పికో 2 వాడుతుంటే ఒక హెచ్చరిక. అందులోని ఆర్‌పీ2350 చిప్ మొదటి రకాల్లో లోపలి పుల్‌డౌన్‌తో ఒక లోపం ఉంది: బటన్ వదిలాక కూడా పిన్ సుమారు 2.2 వోల్టుల దగ్గర ఇరుక్కుపోయి, ఇంకా నొక్కే ఉన్నట్టు కనిపించవచ్చు. బయట 8.2 కిలో ఓమ్స్ లేదా అంతకంటే తక్కువ పుల్‌డౌన్ పెట్టాలి, లేదంటే బటన్‌ను గ్రౌండ్ వైపుకు మార్చి పుల్‌అప్ వాడాలి. నేనైతే రెండోదే చేస్తాను.

పిన్ బాగుంది, కోడ్ పలకట్లేదు

పిన్ మీద వోల్టేజీ సరిగ్గా మారుతుంటే ఇప్పుడు కోడ్ తెరవండి.

మొదటి అనుమానం తలకిందుల లెక్క. పుల్‌అప్ పెట్టినప్పుడు నొక్కితే లో, వదిలితే హై. కోడ్‌లో హై వస్తే నొక్కినట్టు అని రాసి ఉంటే అంతా తిరగబడుతుంది.

రెండోది ఒక్క గుర్తు తేడా. ఇఫ్ లోపల రెండు సమాన గుర్తులు ఉండాల్సిన చోట ఒక్కటే పెడితే అది పోల్చడం కాదు, విలువ వేసేయడం. లో అంటే సున్నా, సున్నా అంటే అబద్ధం, కాబట్టి ఆ ఇఫ్ లోపలికి ప్రోగ్రామ్ ఎప్పటికీ వెళ్లదు. కంపైల్ అయిపోతుంది కూడా. ఆర్డువినో సెట్టింగుల్లో కంపైలర్ హెచ్చరికలు అన్నీ కనిపించేలా పెట్టుకుంటే ఇలాంటివి ముందే దొరుకుతాయి.

మూడోది డిలే. లూప్‌లో సెన్సర్ కోసం రెండు సెకన్ల డిలే పెట్టి, ఆ తర్వాత ఒక్కసారి బటన్ చదివితే, మనిషి మామూలుగా నొక్కే పావు సెకను ఆ డిలేలోనే కరిగిపోతుంది. "గట్టిగా నొక్కితే పనిచేస్తోంది" అంటారు, నిజానికి గట్టిగా కాదు, ఎక్కువ సేపు నొక్కితే పనిచేస్తోంది. పరీక్ష సులువు: మూడు సెకన్లు నొక్కి పట్టుకోండి. అప్పుడు పలికితే డిలే తీసేసి మిల్లీస్‌తో (బోర్డు మొదలయ్యాక గడిచిన మిల్లీసెకన్లు చెప్పే ఫంక్షన్) సమయం లెక్కపెట్టడం నేర్చుకోండి. వైఫై కనెక్ట్ అయ్యేదాకా ఆగే లూప్‌లు కూడా ఇదే పని చేస్తాయి.

నాలుగోది చాలామందికి తట్టదు. బటన్ లోపలి రేకు తగిలేటప్పుడు కొన్ని మిల్లీసెకన్ల పాటు ఎగిరి ఎగిరి తగులుతుంది, దీన్నే బౌన్స్ అంటారు. నొక్కిన ప్రతిసారీ లైటు ఆన్ ఉంటే ఆఫ్, ఆఫ్ ఉంటే ఆన్ చేసే కోడ్‌లో, ఒక్క నొక్కు రెండుగా లెక్కపడితే లైటు వెలిగి వెంటనే ఆరిపోతుంది, కంటికి ఏమీ జరగనట్టే ఉంటుంది. అంటే బోర్డుకు నొక్కు రెండు సార్లు అందింది, మీకు ఒక్కసారి కూడా అందనట్టు కనిపించింది. నొక్కుల లెక్కను ప్రింట్ చేసి చూడండి, ఒక్క నొక్కుకు 2, 4 అలా పెరుగుతుంటే డీబౌన్స్, అంటే ఆ ఎగరడం ఆగేదాకా కాస్త ఆగి చదవడం, కావాలి. 20 నుంచి 50 మిల్లీసెకన్లు సరిపోతుంది.

ఆ డీబౌన్స్ కోడ్ రాయడంలోనూ ఒక తప్పు దొర్లుతుంది. ఇప్పటి విలువ పోయినసారి విలువతో తేడాగా ఉంటే గడియారాన్ని మళ్లీ మొదలుపెట్టడం మామూలు పద్ధతి. లూప్ చివర ఇప్పటి విలువను పోయినసారి విలువగా దాచుకునే లైను మరిచిపోతే, నొక్కి ఉన్నంతసేపూ తేడా ఉన్నట్టే కనిపిస్తుంది, గడియారం ప్రతిసారీ మొదటికొస్తుంది, 50 మిల్లీసెకన్లు ఎప్పటికీ పూర్తి కావు. బటన్ చచ్చిపోయినట్టే ఉంటుంది. కోడ్‌ను పైపైన చూస్తే అంతా ఉన్నట్టే కనిపిస్తుంది కాబట్టి ఆ చివరి లైను కోసం ప్రత్యేకంగా వెతకండి.

ఇంటరప్ట్ (పిన్ మారగానే ప్రోగ్రామ్‌ను మధ్యలో ఆపి వేరే పని చేయించే పద్ధతి) వాడేవాళ్లు: యూనో, నానోల్లో అటాచ్ఇంటరప్ట్ 2, 3 పిన్‌ల మీదే పనిచేస్తుంది. ఇంటరప్ట్‌లో మార్చే వేరియబుల్ ముందు వొలటైల్ అని రాయకపోతే లూప్‌లో ఆ మార్పు కనిపించకపోవచ్చు.

ఒకసారి పలికి, ఒకసారి పలకని బటన్

అన్నిటికంటే ఓపిక కావాల్సింది దీనికే. పూర్తిగా పోయినది సులువుగా దొరుకుతుంది, అప్పుడప్పుడూ పోయేది మీటర్ పెట్టిన క్షణంలో బుద్ధిగా ఉంటుంది.

నొక్కినప్పుడు పిన్ మీద మధ్యలో ఆగే వోల్టేజీ గురించి ముందే అన్నాను. ఉదాహరణకు 10 కిలో ఓమ్స్ పుల్‌అప్, 5 వోల్టులు, నొక్కితే 2 వోల్టులు అనుకోండి. అంటే బటన్ లోపల సుమారు 6.7 కిలో ఓమ్స్ అడ్డు ఉంది. కొత్త బటన్‌లో అది ఒక ఓమ్‌లో చిన్న భాగమే ఉంటుంది. ఏటీమెగా328పీ 5 వోల్టుల మీద 1.5 కంటే తక్కువను కచ్చితంగా లో అంటుంది, 3 కంటే ఎక్కువను కచ్చితంగా హై అంటుంది, మధ్యలో ఉన్నదాన్ని ఎటైనా అనొచ్చు. ఎటైనా అంటుంది కాబట్టే ఒకసారి పలికి ఒకసారి పలకదు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో తెరిచి ఉంచిన బటన్లకు ఇది త్వరగా వస్తుంది. సోల్డరింగ్ అయ్యాక బోర్డును ద్రావకంతో కడిగినా వస్తుంది, కరిగిన ఫ్లక్స్ (సోల్డర్ అంటుకోవడానికి వాడే పదార్థం) బటన్ సందులోంచి లోపలికి పోయి రేకు మీద పొరలా ఎండిపోతుంది. సీల్ లేని బటన్లను అన్నిటికంటే చివర, కడగడం అయ్యాకే అతకాలి.

బాక్సులో బిగించాక మాత్రమే పనిచేయకపోతే మూత తీసి నేరుగా నొక్కి చూడండి. అప్పుడు పలికితే కరెంటు తప్పు లేదు, పై టోపీ కిందిదాకా చేరడం లేదు, లేదా మూత నొక్కుకుపోయి బటన్ ఎప్పుడూ నొక్కే ఉంటోంది.

గేటు దగ్గర బెల్లులా బటన్ దూరంగా ఉంటే లోపలి పుల్‌అప్ బలం చాలదు. బయట 4.7 కిలో ఓమ్స్ పెట్టండి, పిన్ వైరును గ్రౌండ్ వైరుతో పురి వేసి తీసుకెళ్లండి, పిన్ దగ్గర గ్రౌండ్‌కు 104 అని రాసి ఉండే చిన్న కెపాసిటర్ పెట్టండి, అది 100 నానోఫారడ్లు. పెద్దది పెడితే ఇంకా మంచిది కదా అని 10 మైక్రోఫారడ్లు పెట్టకండి. 10 కిలో ఓమ్స్ పుల్‌అప్‌తో అయితే వదిలాక పిన్ మళ్లీ పైకి రావడానికి ఒక పదో వంతు సెకను పడుతుంది, వెంటవెంటనే నొక్కిన రెండో నొక్కు అందులో మునిగిపోతుంది.

బటన్ మార్చక తప్పకపోతే

పీసీబీ మీద అతికిన బటన్‌ను లాగి పీకితే రాగి గీత కూడా లేచి వస్తుంది. బటన్ పనికిరాదని తేలింది కాబట్టి దాని మీద జాలి అక్కర్లేదు: సన్న కట్టర్‌తో నాలుగు కాళ్లనూ విడివిడిగా కత్తిరించి, ఒంటిని తీసేసి, మిగిలిన కాలి ముక్కలను ఒక్కొక్కటిగా వేడి చేసి పట్టకారుతో తీయండి. రంధ్రాల్లో మిగిలిన సోల్డర్‌ను సోల్డర్ విక్‌తో (సోల్డర్ పీల్చుకునే రాగి అల్లిక) శుభ్రం చేయండి. కొత్త బటన్‌ను అతికే ముందే కాళ్లు ఏవి ఏవి కలిసి ఉన్నాయో బీప్ మోడ్‌లో చూసుకుని పాతది ఎటు ఉందో అటే పెట్టండి. మొదట ఒక కాలు మాత్రం అతికి, బటన్ బోర్డుకు ఆనుకుని నిటారుగా ఉందో లేదో చూసి, అప్పుడు మిగతా మూడు. ఒక్కో కాలి మీద రెండు మూడు సెకన్లకు మించి ఐరన్ ఉంచకండి, లోపలి ప్లాస్టిక్ మెత్తబడి రేకు పక్కకు జరుగుతుంది. చల్లారాక, పవర్ ఇవ్వకముందే, బోర్డు పిన్‌కూ గ్రౌండ్‌కూ మధ్య మీటర్ పెట్టి ఇరవై సార్లు నొక్కండి. ఇరవై సార్లూ బీప్ వస్తే, వదిలిన ప్రతిసారీ ఆగితే, అప్పుడు కేబుల్ పెట్టండి.